సిరా వేలు

జంపక్క ఇప్పపువ్వు గంప దించి, బూర్గంపాడులోని సుజాత టీకొట్టులో కూర్చుంది. టీవీలో ఎవరో పడవలు దిగి, సిరా చుక్క పెట్టిన వేళ్లు ఎత్తి చూపిస్తూ నవ్వుతున్నారు.

“ఏడ బిడ్డా ఇది?”

“పసిఫిక్ సముద్రంల ఏదో దీవుల దేశమట అవ్వా. పార్లమెంటు ఓట్లు. ఆ దీవులు మునిగిపోతున్నయట.”

“మునిగేటోళ్లకు పడవలొచ్చినయా?”

“ఓట్లు గదా, పంపిండ్రు.”

“ఓట్లనాడు గోదారి అవతల మా గూడేనికీ పడవ వచ్చింది. మా ముసలాయనని చెయ్యి పట్టుకొని ఎక్కించిండ్రు. మస్తు మురిసిండు.”

జంపక్క చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

“రెండు నెలలకు గోదారి ఇండ్లల్లకు వచ్చింది. ఆయన ఇంటి కప్పు మీద చిక్కిండు. చెయ్యి ఊపు, చెయ్యి ఊపు అని గుట్ట మీదికెళ్లి నేను మొత్తుకున్న. ఊపలే. సిరా వేలొక్కటే పైకెత్తి నిలబడ్డడు. గోరు మీద మచ్చ ఇంకా పోలే. అది కనబడితే మళ్ల పడవ పంపుతరనుకున్నడు పిచ్చోడు.”

“పంపిండ్రా అవ్వా?”

“అవ్. నీళ్లు తగ్గినంక.”

టీవీలో వేళ్లు ఇంకా ఎత్తే ఉన్నాయి.

“మొఖం గుర్తుపట్టేటట్టు లేకుండె బిడ్డా. ఆ గోరు చూసే మా ఆయనేనని చెప్పిన.”