యాభై తొమ్మిదో రోజు

క్యూ అంగుళం కూడా కదలడం లేదు.

కాలేజీ ఆఫీసులో మూడో కిటికీ ముందు ఉన్నది ఇద్దరే. ముందు ఒక ముసలాయన, వెనక ఆమె.

ఆమె చేతిలో చదువు మానేస్తున్నట్టు రాసిన ఫారం ఉంది.

కిటికీ నాలుగింటికి మూస్తారు. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఐదింటికి బస్సు.

ఊళ్ళో అమ్మ మంచం పట్టింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. "నాకూ ఒక ఇల్లుంది తల్లీ, ఇక నావల్ల కాదు," అని పొద్దున పిన్ని ఫోన్ పెట్టేసింది.

'దేవుడా, ఈయన్ని కాస్త కదిలించు,' అని ఆమె మనసులో మొక్కుకుంది.

ముసలాయన ఒక పాత కాగితాన్ని కిటికీలోకి తోశాడు.

"బాబూ, ఈ ముద్రలో తేదీని మర్నాటి తేదీ చెయ్యడానికి వీలుంటుందా?"

"పడ్డ ముద్ర పడ్డట్టే పెద్దాయనా. పోయినసారీ ఇదే చెప్పాను."

"పాత రిజిస్టరు ఒక్కసారి చూడకూడదూ?"

గుమాస్తా విసుక్కోలేదు. తాపీగా లేచి, బీరువా తెరిచి, రిజిస్టరు తెచ్చి, ఒక్కో పేజీ తిప్పసాగాడు.

ఆమెకు ఒళ్ళు మండింది.

"తాతగారూ, కొంచెం పక్కకి జరుగుతారా? నాది ఒక్క నిమిషం పని."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె చేతిలోని ఫారం చూడగానే ముఖం మారిపోయింది.

"మానేస్తున్నావా అమ్మా? ఫీజు సాయం తీసుకున్నావా ఈ టర్మ్‌కి?"

"మీకెందుకండీ?"

"రేపియ్యమ్మా. ఈ కాగితం రేపియ్యి."

"ఏం, ఇవాళ వర్జ్యమా?"

"వర్జ్యం కాదు తల్లీ, ఇవాళ్టికి సరిగ్గా..."

"మీకు పొద్దుపోక వచ్చారు. నాకు ప్రాణం మీదికొచ్చింది. తప్పుకోండి!"

ఆయన తప్పుకోలేదు. రెండు చేతులతో కిటికీ అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆమె వాచ్‌మన్‌ని పిలిచింది.

"మళ్ళీ తయారయ్యావా తాతా? టర్మ్‌కోసారి నీతో ఇదే గోల," అన్నాడు వాచ్‌మన్. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఫిర్యాదు రాసిచ్చేవాళ్ళు లేక ఊరుకుంటున్నామమ్మా. రెండు ముక్కలు రాసివ్వండి, ఇక గేటు దాటనివ్వం," అన్నాడు.

ఆమె రాసిచ్చింది. రెండు ముక్కలు కాదు, ఐదు వాక్యాలు.

వాచ్‌మన్ ముసలాయన వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాడు.

"నాలుగు కొట్టేదాకా ఉండనీ నాయనా. ఇంకెంత, పది నిమిషాలు."

మెట్ల దాకా ఆయన ఆ మాటే అంటూ పోయాడు. ఆయన కాగితం కిటికీలోనే ఉండిపోయింది.

ఆమె ఫారం అందుకుని గుమాస్తా గడియారం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఇవాళే ఇవ్వాలా అమ్మా?"

"ఇవాళే."

ముద్ర పడింది.

తన మొర దేవుడు ఆలకించాడనుకుంది. బస్సు కూడా అందింది.

అమ్మ పదకొండు రోజులే ఉంది. చివరి రెండు రోజులూ మాట ముద్దగా వచ్చేది. అయినా అడిగిందే అడిగేది: "మళ్ళీ చేరతావుగా?"

"చేరతానమ్మా."

నెల తిరిగేసరికి కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. అరవై రోజులు నిండకుండా మానేసినందుకు ఈ టర్మ్‌కి ఇచ్చిన సాయమంతా తిరిగి కట్టాలి. కట్టేదాకా మళ్ళీ చేర్చుకోరు.

అమ్మ మందులకే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోయింది.

ఆమె ఆ ఉత్తరం పట్టుకుని మళ్ళీ మూడో కిటికీ ముందు నిలబడింది. క్యూలో ఎవరూ లేరు.

"నేను టర్మ్‌లో ఎన్నో రోజున మానేశానండీ?"

గుమాస్తా రిజిస్టరు తియ్యలేదు. "యాభై తొమ్మిదో రోజున."

"ఒక్క రోజా?"

"ఒక్క రోజే. ఆ ఫారం ఎవరైనా స్నేహితురాలి చేతికిచ్చి మర్నాడు పంపించినా సరిపోయేది."

"మరి మీరు చెప్పలేదేం?"

"అడగనిది కిటికీలోంచి చెప్పకూడదని మాకు పైనుంచి ఉత్తర్వు. కొలువు పోతుందన్న భయం." ఆయన గొంతు తగ్గించాడు. "చెప్పే మనిషి ఒకడుండేవాడు. టర్మ్‌కోసారి, సరిగ్గా యాభై తొమ్మిదో రోజున వచ్చేవాడు. విన్నవాళ్ళకి చెప్పేవాడు. విననివాళ్ళకి అడ్డంగా, కిటికీ మూసేదాకా నిలబడేవాడు. నేనూ రిజిస్టరు తిరగేస్తూ కూర్చునేవాణ్ణి. నాకు చేతనైన సాయం అంతే."

ఆమె రెండు చేతులతో కిటికీ అంచు పట్టుకుంది.

"ఆయన ఇప్పుడెక్కడున్నారు?"

"తన కాగితం కోసం గేటు దాకా రెండుసార్లు వచ్చాడట. నువ్వు రాసిచ్చిన కాగితం చూపించి పంపేశారు. తర్వాత రాలేదు. ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు."

తన మొర ఆలకించడానికి దేవుడికి ఆ రోజే తీరిక దొరకాలా? ఎవరినడగాలో ఆమెకు తెలియలేదు.

గుమాస్తా సొరుగులోంచి ముసలాయన వదిలి వెళ్ళిన కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

మడతల దగ్గర చిరిగిన పాత ఫారం. ఎవరో అమ్మాయి చదువు మానేస్తూ ఇచ్చింది. పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంది: యాభై తొమ్మిదో రోజు, సాయం రద్దు.

"ఈ అమ్మాయి మళ్ళీ చేరిందా?"

గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

ఆమె కళ్ళు అడుగుకు జారాయి. అక్కడ తండ్రి చేసిన సంతకమూ, ఆ ఫారం అందుకుని ముద్ర వేసిన అప్పటి గుమాస్తా చేసిన సంతకమూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే చేతివి.