బావ దిగిన చోటు

“అమ్మా, మీవారు ఈ మధ్య ఏదైనా లాడ్జిలో దిగారా?”

వార్డు గుమ్మంలో నిలబడి అడిగాడు ఓ ముసలాయన.

ఆమె నోరు తెరిచేలోగా తమ్ముడు లేచాడు.

“ఏం మాటలయ్యా అవి? మా బావ ఈ మధ్య వెళ్ళిందల్లా మా ఊరే. అదీ పొద్దున వెళ్ళి సాయంత్రానికొచ్చాడు. మా ఇల్లుండగా ఆయనకి లాడ్జి ఖర్మేమిటి?”

“కోప్పడకు బాబూ. న్యుమోనియాతో చేరినవాళ్ళందరినీ అడుగుతున్నా. ఆ వేడినీళ్ళలో...”

“వైద్యం డాక్టర్లు చేస్తున్నార్లే. నువ్వు నడువు!”

రెక్క పట్టుకుని మెట్లదాకా నెట్టుకెళ్ళి కిందికి తోశాడు.

మంచం మీద భర్త ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఆక్సిజన్ పెట్టినా పెదవులు నీలంగానే ఉన్నాయి.

డాక్టరు కొత్త ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూశాడు.

“నిన్న ఒక పక్కే. ఇవాళ రెండు ఊపిరితిత్తులూ. సిగరెట్లు, షుగరు... అసలే తట్టుకునే ఒళ్ళు కాదు. ఇస్తున్న మందు పని చెయ్యడం లేదమ్మా.”

ఆమె గుమ్మం వైపు చూసింది.

పోయిన వారం సరుకు కోసం తమ్ముడి ఊరు వెళ్ళాడు భర్త. పాత అలక. బావమరిది గడప తొక్కనన్నాడు. రాత్రుళ్ళు లాడ్జిలోనే పడుకున్నాడు. సాయంత్రానికే తిరిగొచ్చాడని తమ్ముడితో అబద్ధం చెప్పింది తనే.

తమ్ముడు చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

“డాక్టరుగారూ,” అంది, తమ్ముడి వైపు చూడకుండా. “ఈయన లాడ్జిలో దిగారు.”

“అక్కా!”

“వేడినీళ్ళ షవరుందా అక్కడ?” అడిగాడు డాక్టరు.

“ఉందన్నారు.”

“ముందే చెప్పొద్దా తల్లీ! ట్యాంకుల్లో పెరిగే సూక్ష్మజీవి ఒకటుంది. తుంపరలతో పాటు ఊపిరిలోకి పోతుంది. దానికి మందు వేరు.”

మూత్రం పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా మందు మార్చాడు.

పరీక్షలో అదేనని తేలింది. మూడోనాడు ఆయాసం తగ్గుముఖం పట్టింది.

అప్పుడు కోపం పొంగుకొచ్చింది తమ్ముడికి.

“బావ సంగతి తర్వాత. ముందు ఆ లాడ్జి వాణ్ణి కోర్టుకీడుస్తా. ఆ ముసలాయన దొరికితే సాక్ష్యం చెప్తాడు.”

కిందికి పరిగెత్తి వాచ్‌మన్‌ని అడిగాడు.

“మొన్న మీరు మెట్ల మీంచి తోసేసిన పెద్దాయనేనా? కుంటుకుంటూ ఇంకో ఆసుపత్రికి పోయాడు సార్. ఫోన్ చేస్తే లాడ్జి అనగానే పెట్టేస్తున్నారట. అందుకే తన లాడ్జిలో దిగినవాళ్ళని వెతుక్కుంటూ, ఊరూరా ఇలా తనే తిరుగుతున్నాడట పాపం.”