సత్తు రేకు చల్లారే అరగంట

నలభై ఎనిమిది వేసవిలో కలకత్తా లేబరేటరీ నుంచి సెలవు మీద మా ఊరు గురజాల వస్తే, ఆసామి యల్లమందయ్య కబురుపెట్టి పిలిపించాడు. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నేను కింద ఎండలో నిలబడ్డాను.

"ఏందిరా కృపాదానం, అక్కడ నువ్వు చేసే పని?"

చెప్పాను. మామూలు సత్తు రేకును, అదే అల్యూమినియం రేకును, న్యూట్రాన్ల ముందు పెడితే, అదీ రేడియంలాగే కిరణాలు చిమ్ముతుంది.

"అయితే ముట్టుకోకూడదా?"

"వెంటనే కూడదండీ. రెండుంబావు నిమిషాలకు దాని జోరు సగమవుతుంది. మరో రెండుంబావుకు అందులో సగం. కిరణం చిమ్మిన ప్రతి అణువూ సిలికాన్‌గా, అంటే ఇసకలో ఉండే పదార్థంగా మారిపోతుంది. అరగంట ఆగితే పసిపిల్లలైనా పట్టుకోవచ్చు."

"ఓర్నీ! అంత విషమూ అరగంటలో పోద్దా!" అని ఆయన తొడ చరిచాడు. మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు.

తర్వాత చేతికర్రతో చూరులోకి పొడిచాడు. సొట్టలు పడ్డ సత్తు గ్లాసొకటి నా కాళ్ల దగ్గర పడింది. దాని నిండా బూజు, అడుగున బల్లి పెంటికలు. నాకు రోత పుట్టింది. ఆ పెంటికలకే అనుకున్నాను.

"కడుక్కుని పట్టరా," అన్నాడు ఆయన ఎంతో ప్రేమగా. "మీ నాయన తాగిన గ్లాసే. వాడు పోయి పదకొండేళ్లాయె. ఇప్పటిదాకా మా ఇంట్లో ఎవురం దాన్ని ముట్టుకోలా."