అత్తగారి మోకాళ్ళు

దొంగబంగారాన్ని సరిహద్దు దాటించడానికి అల్లుడికి దొరికిన దారి అత్తగారి చేతికర్ర.

కర్ర అంటే కట్టె కాదు. లోపల బోలుగా ఉండే స్టీలు గొట్టం, అడుగున రబ్బరు బిరడా. అత్తగారికి ఉన్నట్టుండి మోకాళ్ళ నొప్పులు పట్టుకోవడంతో భార్యే కొనుక్కొచ్చింది. ఒకరోజు ఆ బిరడా ఊడి కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వస్తే, తొడగబోతూ గొట్టంలోకి తొంగి చూశాడు. ఇక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అతను నగలు తయారుచేసే షాపులో మేనేజరు. మెరుగు పెట్టేటప్పుడు రాలిన బంగారు పొడిని కరిగించడం అతని చేతి మీదుగానే జరుగుతుంది. కరిగించినప్పుడల్లా చిటికెడు పక్కకి తీసేవాడు. ఆ చిటికెలన్నీ కలిసి పెన్సిలంత లావు కడ్డీలయ్యాయి. ఇప్పుడు యజమాని సోమవారం వచ్చి తూకాలు స్వయంగా చూస్తానంటున్నాడు. ఈలోపు కడ్డీలూ తనూ అవతలి దేశంలో ఉండాలి. లేకపోతే జైల్లో ఉండాలి.

అవతల మోకాళ్ళకి మంచి డాక్టరున్నాడని భార్య ఎప్పట్నించో పోరుతోంది. "సరే, నేనే తీసుకెళ్తాను" అన్నాడు. అత్తగారికి ఏనాడూ గ్లాసెడు మంచినీళ్ళందించని మనిషి అంతమాట అనేసరికి భార్య కళ్ళొత్తుకుంది.

ఆవిణ్ణి ఆస్పత్రి బెంచీ మీద కూర్చోబెట్టి, కర్ర పట్టుకుని అటునించి అటే మాయమైపోవాలని అతని ఆలోచన. భార్యకి ఒక మాట చెప్పాలని కూడా అనిపించలేదు. పోలీసులు ఎలాగూ చెప్తారు కదా.

ఆ ఇంట్లో కాగితాల వ్యవహారమంతా భార్యదే. ఆవిడ వేలు పెట్టి చూపించిన చోట సంతకం గీకడమే తప్ప అతను ఏ కాగితమూ చదివి ఎరగడు. బయల్దేరేటప్పుడు ఒక జిప్పు సంచీ వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి, "పాస్‌పోర్టులు, కారు కాగితాలు, బీమా, అవతల బండి నడపడానికి పర్మిట్టు, అన్నీ ఇందులోనే ఉన్నాయండీ" అంది. అతను తలూపి కారు తీశాడు.

కారు అత్తగారిది. ఆవిడ జీవితమంతా స్కూలు వ్యాను నడిపి రిటైరైన మనిషి. పక్క సీట్లో కూర్చుని, మోకాళ్ళ నొప్పులున్నా లెక్కచేయకుండా, దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.

"ఈ కర్రేంటి బాబూ, ఇంత బరువెక్కింది?"

"కర్ర కాదు అత్తయ్యగారూ, మీరే నీరసపడ్డారు."

"అంతేలే, వయసు. ఇదిగో, మలుపు. ఇండికేటరు వెయ్యి."

సరిహద్దు గేటు దగ్గర ఆఫీసరు వంగి కారులోకి చూశాడు. కర్ర గడ్డం కింద ఆనించుకుని కూర్చున్న పెద్దావిణ్ణి చూసి నవ్వాడు. డిక్కీ కూడా తెరవమనలేదు. అత్తగారు సంచీ అందించింది. అల్లుడు లోలోపల ఈల వేసుకున్నాడు.

ఆఫీసరు ఒక్కొక్క కాగితం తిప్పుతూ అతని పాస్‌పోర్టు దగ్గర ఆగాడు. "ఇది పాతది సార్. రద్దయింది. మూల కత్తిరించేశారు, చూశారా? కొత్తది ఏదీ?"

"కొత్తదా?"

"లేకపోతే మీరు దిగాలి. కారు ముందుకి తియ్యాలి, వెనక బళ్ళున్నాయి."

"నేను దిగితే కారెవరు నడుపుతారండీ?"

"మామ్మగారు. పర్మిట్టు ఆవిడ పేరు మీదే ఉందిగా. కారు, బీమా కూడా ఆవిడవే. ఈ రద్దయిన పాస్‌పోర్టులో తప్ప మీ పేరు ఎక్కడా లేదు సార్."

అతను దిగాడు. దిగి, కిటికీలోంచి చెయ్యి చాపాడు. "అత్తయ్యగారూ, ఆ కర్ర కాస్త ఇటివ్వండి."

ఆఫీసరు మొహం చిట్లించాడు. "పెద్దావిడ కర్ర మీకెందుకయ్యా? నడవలేరా ఏం?"

అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అత్తగారు అటు సీట్లోకి జరిగింది. సీటు ముందుకి లాక్కుని, అద్దం సరిచేసుకుని, కర్రని పక్క సీట్లో పడుకోబెట్టి దానిక్కూడా బెల్టు పెట్టింది. "జాగ్రత్త బాబూ, ఎండలో నిలబడకు" అని, ఇండికేటరు వేసి మరీ గేటు దాటించింది.

అతను భార్యకి ఫోన్ చేశాడు. "మీ అమ్మ నన్నొదిలేసి కారేసుకుని పోయిందే!"

"కనిపిస్తోందండీ. గేటు దాటాక ఉన్న కాఫీ కొట్టు దగ్గరే నుంచున్నాను. మీరు బయల్దేరగానే బస్సెక్కాను, దారంతా అమ్మ మీ చేత నెమ్మదిగా నడిపించిందిగా." హారన్ మోత అతనికి ఫోన్లోనూ వినిపించింది, గేటు అవతలినించీ వినిపించింది.

"నా పాస్‌పోర్టు..."

"కొత్తది నా బ్యాగులోనే ఉంది. ఫారం మీద మీరే సంతకం పెట్టారుగా."

ఏదో ఒకటి పట్టుకుని వేలాడాలి. "అది కాదే, ఆ మోకాళ్ళతో ఆవిడ అంత దూరం నడపలేదు. వెనక్కి పంపించు, నా మాట విను!"

కారు తలుపు మూసుకున్న చప్పుడైంది. భార్య నింపాదిగా బెల్టు పెట్టుకుంటూ అంది: "మా అమ్మకి మోకాళ్ళ నొప్పులేంటండీ? మీ పాత బూటులో మొదటి కడ్డీ దొరికిన రోజున, ఏదో ఒక నొప్పి మొదలుపెట్టమ్మా అని నేనే చెప్పాను."