మగాళ్ళ షెడ్డు

"నడవరా లోపలికి!" తండ్రి కొడుకు మెడ పట్టుకుని లారీల షెడ్డులోకి తోశాడు.

"వీడు పార్లర్‌లో చేరి ఆడాళ్ళకి కనుబొమలు దిద్దుతున్నాడు మేస్త్రీ! పెళ్ళి మాటెత్తితే అమ్మాయిల మీదికి మనసే పోదంటున్నాడు. ఆ పనే వీణ్ణి చెడగొట్టింది. నీ దగ్గర పెట్టుకో. మగాళ్ళ మధ్య పడుంటే వాడే దారికొస్తాడు."

కోరమీసం మేస్త్రీ లారీ కిందనుంచి లేచాడు. అతను పెళ్ళి చేసుకోకపోతే, "పని రాక్షసుడు, తీరికేదీ!" అని మెచ్చుకున్నదీ ఈ తండ్రిగారే.

మేస్త్రీ చేతుల గ్రీజు తుడుచుకుంటూ నవ్వాడు.

"మీసం రాకముందు నుంచీ మగాళ్ళ మధ్యే పడున్నాను పెదనాన్నా. నా మనసూ అమ్మాయిల మీదికి పోలేదు. ఇంక వీణ్ణేం మార్చను?"

తండ్రి కనుబొమలు నుదుటి మీదికి ఎగిరాయి.

"ముందు వాటిని దించు నాన్నా," అన్నాడు కొడుకు మెడ తడుముకుంటూ. "నాకు పార్లర్‌కి టైమవుతోంది."