మావాడి పనే

కుక్కల్ని గొలుసు విప్పి వదిలే పార్కది. గొలుసులు మా చేతుల్లో ఉంటాయి, కుక్కలు ఎక్కడో ఉంటాయి. వాటిని మూతిమీద ముద్దుపెట్టుకునే వాళ్ళని చూస్తే నేను మొహం తిప్పేసుకుంటాను. సరే, ఆ గొడవ ఇంకోసారి.

ఆ సాయంత్రం మళ్ళీ కుక్క పెంట తొక్కాను, మెత్తగా.

"ఛీ ఛీ! ఎవరి కుక్క పనండీ ఇది?"

తన కుక్కని వదిలి పక్కన నిలబడ్డ మా వీధి టైలర్ ఆకాశంలోకి చూశాడు. ఎప్పటిలాగే నర్సమ్మ గొలుసూ సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మావాడి పనే బాబాయ్!"

"రోజూ మీవాడేనా? పెంచడం చేతకాకపోతే మానెయ్యమ్మా!"

"వాడికి బుద్ధి లేదు, తిట్టండి," అంటూ నవ్వుతూ వంగి ఎత్తింది.

పొద్దుగూకాక అందరూ కుక్కల్ని పిలిచి గొలుసులు తగిలించారు. నర్సమ్మ ఎవర్నీ పిలవలేదు. ఖాళీ గొలుసు చేతికి చుట్టుకుని గేటు దాటింది.

"ఆవిడ కుక్కేదయ్యా?" అన్నాను.

"అది చచ్చి ఏడాదైంది గురువుగారూ, మీకు తప్ప అందరికీ తెలిసిందే," అన్నాడు టైలర్. "ఆవిడే ఎత్తిపోస్తుంటే మనకెందుకు నడుంనొప్పి?"

అప్పుడు పుట్టిన అసహ్యం ముందు నా చెప్పుకి అంటింది ఏపాటి!

మర్నాడు టైలర్ కుక్క చేసింది టైలర్ చేతే ఎత్తించాను. తర్వాత నా చెప్పొకటి పొదలో దాచి, ఒంటికాలి చెప్పుతో నిలబడి అరిచాను.

"అమ్మాయ్! మీవాడు నా చెప్పెత్తుకుపోయాడు!"

నర్సమ్మ మొహం విప్పారింది.

"మావాడి పనే బాబాయ్!" అంటూ వెతకడానికి పరుగెత్తింది.