ఒంటి బీజం

ఆ రోజు ఆగస్టు పదకొండు. సంపూర్ణ, ఆమె కూతురు ఆరాధన ప్రార్థన చేసుకుని, వేడి అన్నంలో దోసకాయ పప్పు కలుపుకుని తిన్నారు.

పెరట్లో పుట్టగొడుగుల షెడ్డు ఉంది. కూరకు మాత్రం ఒక్క పుట్టగొడుగు లేదు.

షెడ్డులో అరవై సంచులు వేలాడుతున్నాయి. వరిగడ్డి నిండా పుట్టగొడుగులకు వేరులాంటి తెల్లటి బూజు మీగడలా పరుచుకుంది. నలభై రోజులైనా ఒక్క మొగ్గ తేలలేదు.

షెడ్డు సర్కారుది. మొదటి పంట చూపిస్తేనే సంపూర్ణ పేరున రాసిస్తారు.

ఆమె చేతులు కడుక్కుంటుంటే గేటు దగ్గర ఎవరో పిలిచారు.

"అమ్మా, కొన్ని మంచినీళ్లిస్తరా?"

అరవైకి దగ్గరపడిన మనిషి. చండ్రుగొండలో బస్సు దిగి, వానలో నడిచొచ్చినట్టున్నాడు. తడిసిన చెప్పులు బయటే విప్పాడు. నీళ్లు తాగుతున్నా చూపు షెడ్డు మీదే ఉంది.

"ఓసారి సూడొచ్చా?"

"సూడన్నా. సూడనీకె గడ్డే ఉన్నది," అంది సంపూర్ణ.

అతను ఏ సంచినీ తాకలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి వాసన చూశాడు.

"విత్తనం ఏడ తెచ్చిన్రు?"

"నేనే చేసిన," అంది ఆరాధన. ఆమె బీఎస్సీ చదివింది. "కొన్న విత్తనంల ఏవేవో కలిసుంటయ్. నేను పుట్టగొడుగు రాల్చిన ఒకే ఒక్క బీజాన్ని ఏరి, దాన్నే పెంచిన. ప్యూర్ తాతా, ప్యూర్!"

"గందుకే లేస్తలేదు బిడ్డా."

"ఏంది?"

"దీనికి తోడు లేదు."

ఆరాధన పకపకా నవ్వింది.

"పుట్టగొడుగులకు పెండ్లి చెయ్యాల్నా? అమ్మా, బ్యాండోళ్లకు చెప్పు!"

"బ్యాండు వద్దు, జత దొరికితె సాలు," అతనూ నవ్వాడు. "వీటిల్ల ఆడ, మగ అని ఉండవ్. రకాలుంటయ్. ఏ రకమైనా తన రకంతోని కలవదు. వేరే రకం తగలాలె. రెండు రకాల బూజు దారాలు ఒక్కటైతెనే గొడుగు లేస్తది. నువ్వు అరవై సంచులల్ల ఒక్కదాన్నే నింపినవ్. ఎటు పోయినా దానికి అదే ఎదురొస్తున్నది."

"ఎంత చదివినవ్ తాతా?"

"ఆరో తరగతి. విత్తనాల ల్యాబుల ముప్పై ఏండ్లు సీసాలు కడిగిన."

ఆరాధన తల్లి వైపు చూసి కన్నుగీటింది.

సంపూర్ణ నవ్వలేదు. "ఇరవై ఏడున సర్కారు సారొస్తడన్నా. గప్పటికి పంట లేకపోతె షెడ్డు పోతది. ఇంకెవరికో ఇస్తరంట."

 అతను షెడ్డు గుంజను అరచేత్తో నిమిరాడు. పైకప్పు వంక చూశాడు.

"ఒక చాకు, దీపం తీసి పెట్టమ్మా. ఇప్పుడే వస్త."

ఊరి వెనక అడవిలోకి వెళ్లి, గంటకు తిరిగొచ్చాడు. చేతిలో మోదుగాకు పొట్లం. పొట్లంలో, పడిపోయిన బూరుగు మాను మీద మొలిచిన పుట్టగొడుగులు.

"ఇదీ నీ జాతే బిడ్డా. వేరే ఇంటిది, గంతే."

ఆరాధన వాకిట్లో అడ్డం నిలబడింది. "అడవి చెత్త లోపలికి తేవద్దు! పచ్చబూజు పడితె ఉన్నది కూడ పోతది."

"పది సంచులియ్యి."

"ఒక్కటి కూడ ఇయ్య."

సంపూర్ణ షెడ్డులోకి నడిచింది. వెనక వరుసలోని పది సంచులు విప్పుకొచ్చి వరండాలో పెట్టింది.

అతను చాకును మంటలో కాల్చాడు. పుట్టగొడుగును చీల్చి, లోపలి కండను గోరంత ముక్కలుగా తీసి, ఒక్కో సంచిలో నాలుగు చోట్ల దింపాడు.

"తడి ఆరనియ్యకున్రి."

"అన్నం తిని పో అన్నా."

"ఇంకోసారి తింట చెల్లె. బస్సు పోతది."

అతని పేరు ఎవరూ అడగలేదు.

ఇరవై నాలుగో తారీఖు పొద్దున వరండాలోంచి సంపూర్ణ కేక వినిపించింది.

"ఆరాధనా! జల్దీ రావే!"

పది సంచుల మీదా గుండుసూది తలలంత మొగ్గలు. షెడ్డులోని యాభై సంచులు మాత్రం తెల్లగా, అలాగే ఉన్నాయి.

ఆరాధన చాలాసేపు చూసింది. తర్వాత చాకు తీసుకుని, బూరుగు మాను వెతుక్కుంటూ అడవి దారి పట్టింది.

ఇరవై ఏడున అధికారి ప్రేమ్‌సాగర్ వచ్చాడు. వరండాలో పుట్టగొడుగులు ముత్యపు చిప్పల్లా విచ్చుకుని గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"మిగిలిన యాభై?"

"పదిహేను రోజుల్ల లేస్తయ్ సార్," అంది ఆరాధన. ఆమె గొంతులో తడబాటు లేదు.

ఆయన సంతకం పెట్టాడు. "షెడ్డు మీదే అమ్మా."

సంపూర్ణ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ప్రేమ్‌సాగర్ ఫైలులోంచి ఇంకో దరఖాస్తు తీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టాడు. మూలన అంటించిన ఫొటో మీద ఆరాధన చూపు పడింది.

"సార్! ఈయన ఏడుంటడు?"

"జంపయ్యనా? మూడేండ్ల సంది దరఖాస్తు పెడుతున్నడు, పాపం. వచ్చే నెల అరవై నిండుతయ్. అరవై దాటితె ఇంక పెట్టనీకె రాదు. మీకెట్ల ఎరుక?"

"మా సంచులు లేపింది ఈయనే సార్."

ప్రేమ్‌సాగర్ పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"ఈయనా? మీకు పంట రాకపోతె ఈ షెడ్డు ఈయనదేనమ్మా! ఆ సంగతి ఈయనకు ఎరుకే."

చీకటి పడే వేళకు సంపూర్ణ సంచుల మీద నీళ్లు చిలకరించి, జంపయ్య నిమిరిన గుంజను తానూ ఓసారి నిమిరి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, షెడ్డు తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.